సరిహద్దు బడిలో పిల్లలు నోరు విప్పే తరగతి: కాబోయే టీచర్లకు సమగ్ర మార్గదర్శి

డి.ఎల్.ఎడ్., బి.ఎడ్. చదివే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తగులుతుంది: "టీచరుగా మీ దృక్పథం ఏమిటి? పిల్లలకు అండగా నిలిచే తరగతిని ఎలా తయారుచేస్తారు?" అసైన్‌మెంట్‌లో అడుగుతారు, వైవాలో అడుగుతారు, ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. చాలామంది మంచి మంచి మాటలు రాసి మార్కులు తెచ్చుకుంటారు. బడిలో చేరాక ఆ కాగితం ఎక్కడుందో కూడా గుర్తుండదు.

ఆ కాగితాన్ని రోజూ పనికొచ్చేలా రాసుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో పాఠం చెప్పబోయే మన తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రాంతంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అటు కలిశాయి. గీత మారింది గానీ మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. అందుకే ఈనాటికీ గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒకే బెంచీ మీద తెలుగు పిల్ల, ఒడియా పిల్ల, కొండల్లోని సవర తెగ పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. తెలుగు మాధ్యమం బడులు కొన్ని ఉన్నా, మన పిల్లల్లో ఎక్కువమంది ఒడియా మాధ్యమంలోనే చదువుతున్నారు.

ఇలాంటి తరగతిలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒక్కటే అని నా గట్టి నమ్మకం. పిల్ల తనకు వచ్చిన మాటతోనే బడిలో బతకగలగాలి. దాహమేస్తే అడగగలగాలి, అర్థం కాకపోతే చెప్పగలగాలి, తప్పు చెప్పినా తలెత్తుకుని కూర్చోగలగాలి. గోడ మీద రంగు బొమ్మలు, బహుమతులు, పాటలు అన్నీ దీని తర్వాతే.

మొదటి దశ: మీ దృక్పథాన్ని పనుల్లోకి మార్చి రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని టీచరుగా మీరు నమ్మేవి ఐదారు వాక్యాల్లో రాయండి. తర్వాత ఒక్కో వాక్యం పక్కన "ఇది ఏ రోజు, ఏ పీరియడ్‌లో కనిపిస్తుంది?" అని వేసుకోండి. జవాబు రాని వాక్యాన్ని కొట్టేయండి, లేదా మార్చండి.

"పిల్లలందరినీ సమానంగా చూస్తాను" అన్న వాక్యానికి జవాబు దొరకదు. దాన్నే "వారంలో ప్రతి పిల్లా కనీసం రెండుసార్లు తరగతిలో మాట్లాడిందో లేదో హాజరు పట్టీ పక్కన చుక్క పెట్టుకుని చూసుకుంటాను" అని రాస్తే దొరుకుతుంది. "మాతృభాషను గౌరవిస్తాను" అన్నదాన్ని "కొత్త పాఠం ఏదైనా మొదటి పది నిమిషాలు పిల్లల ఇంటి మాటల్లో మాట్లాడించి మొదలుపెడతాను" అని మార్చుకోండి. "భయం లేని వాతావరణం కల్పిస్తాను" అన్నచోట "నా బల్ల మీద బెత్తం ఉండదు" అని రాసినా చాలు.

బి.ఎడ్.లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. లెసన్ ప్లాన్లు నింపడంతోనే అది గడిచిపోకుండా, ఈ కాగితాన్ని జేబులో పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ అక్కడే పరీక్షించుకోండి. ఉద్యోగంలో చేరాక అంత తీరిక దొరకదు.

రెండో దశ: తరగతిలో ఎవరున్నారో తెలుసుకోండి

రిజిస్టర్‌లో కులం, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు ఉంటాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది చాలాచోట్ల ఉండదు, ఉన్నా బడి మాధ్యమం చూసి రాసేసి ఉంటారు. కాబట్టి మీరే అడగాలి. "నీ మాతృభాష ఏది?" అని అడిగితే పిల్లలు టీచరుకు నచ్చే జవాబు చెబుతారు. ఇలా అడిగి చూడండి: అమ్మతో ఏ మాటలు మాట్లాడతావు? నాన్నమ్మతో? వీధిలో ఆడుకునేటప్పుడు? కోపం వస్తే ఏ మాటల్లో తిడతావు? చివరి ప్రశ్నకు అందరూ నవ్వుతారు, నిజం కూడా అక్కడే బయటపడుతుంది.

వచ్చిన జవాబులను ఒక పేజీలో గళ్ళు గీసి రాసుకోండి. ఊరిని బట్టి ఆ పేజీ ఎంతో మారుతుంది. గోపాలపూర్ తీరంలో చేపలు పట్టే కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో అడుగుపెట్టాకే ఒడియా అక్షరాన్ని మొదటిసారి చూస్తారు. పర్లాకిమిడి టౌన్‌లో చాలామందికి రెండు భాషలూ నోటికి వస్తాయి, కానీ చదవడం ఒక్కదాంట్లోనే వస్తుంది. అటు ఆంధ్రాలోని పాతపట్నం వైపు అమ్మమ్మగారింట రెండేళ్ళు తెలుగు బడిలో చదివి మధ్యలో ఇక్కడ చేరినవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు చదవడం వచ్చు, లెక్కలూ వచ్చు. లిపి ఒక్కటే కొత్త. అలాంటి పిల్లను తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెడితే ఎంత నామోషీగా ఉంటుందో ఆలోచించండి. గుమ్మ, సెరంగో వైపు కొండల్లో సవర పిల్లలు, రాయగడ వైపు కుయి, కువి మాట్లాడేవాళ్ళు, మల్కన్‌గిరిలో కోయ పిల్లలు ఉంటారు. వీళ్ళకు తెలుగూ ఒడియా రెండూ పరాయివే. మీరు తెలుగులో చెప్పినా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదన్న సంగతి మరిచిపోకూడదు.

మూడో దశ: మొదటి వారం పేర్లు, నీళ్ళు, ఒంటేలు

ముందు పేర్లు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా వాళ్ళకు చివర వస్తుంది. రిజిస్టర్‌లో రాసేటప్పుడు ఇది తారుమారై పేరు చివరి "రావు" కాస్తా ఇంటిపేరైపోతుంది, అసలు ఇంటిపేరు గల్లంతవుతుంది. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో పిల్లనే అడిగి, ఆ పేరే పిలవండి. సవర పిల్లల పేర్లు మన నోటికి తిరగకపోతే తిరిగేదాకా వాళ్ళ చేతే చెప్పించుకోండి. పొట్టిపేరు పెట్టేసి చేతులు దులుపుకోవద్దు. పేరు తప్పుగా చదివినప్పుడు మిగతా పిల్లలు నవ్వితే, ఆ నవ్వు ఏడాదంతా ఆ పిల్లను వెంటాడుతుంది.

ఇక నీళ్ళు, ఒంటేలు. ఆరేళ్ళ తెలుగు గుంటడు ఒడియా బడిలో మొదటి రోజు ఎలా ఉంటాడో దగ్గర్నుంచి చూడండి. పదకొండు గంటలయ్యేసరికి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కదులుతుంటాడు. లేచి నిలబడి అడగాలంటే మాట రాదు. తెలుగులో అడిగితే ఏమంటారోనని జంకు. పక్కవాడు అడిగినప్పుడు ఏమన్నాడో విన్నాడు గానీ గుర్తులేదు. చివరికి కూర్చున్నచోటే తడుపుకుంటాడు. మర్నాడు బడికి రానని మొండికేస్తాడు. ఇంట్లోవాళ్ళు "వీడికి చదువు మీద శ్రద్ధ లేదు" అనుకుంటారు.

ఇది జరగకుండా ఉండాలంటే మొదటి రోజు మొదటి పీరియడ్‌లోనే మూడు వాక్యాలు ఆటలా నేర్పండి. "పాణి పిఇబి" అంటే నీళ్ళు తాగుతాను. "పొరిస్రా జిబి" అంటే ఒంటేలుకు వెళ్తాను. "బుఝి పారిలి నాహిఁ" అంటే నాకు అర్థం కాలేదు. వీటికి ఒక్కో చేతి సైగ కూడా పెట్టండి, మాట రాని రోజున సైగ ఆదుకుంటుంది. తెలుగులో అడిగినా, సవరలో అడిగినా, సైగ చేసినా పంపిస్తారని అందరికీ తెలియాలి. మాట సరిగ్గా చెబితేనే పంపిస్తానని ఎప్పుడూ అనకండి. ఒంటికి సంబంధించిన అవసరాన్ని భాషా పరీక్షగా మార్చడం కంటే క్రూరం ఇంకొకటి లేదు.

మూడో వాక్యం అన్నిటికంటే విలువైనది. "అర్థం కాలేదు" అని ఒక పిల్ల మొదటిసారి అన్న రోజున, ఆ పిల్లను అందరి ముందూ మెచ్చుకోండి.

నాలుగో దశ: పాఠంలో ఇంటి భాషకు చోటివ్వండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అసలు పనంతా ఇందులోనే ఉంది.

ముందు లెక్కలు. తెలుగులో 29ని "ఇరవై తొమ్మిది" అంటాం. ఇరవై, దాని మీద తొమ్మిది. అంకె ఎలా ఉందో మాటా అలాగే ఉంది. ఒడియాలో అదే అంకె "ఒణొతిరిశి". అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. 23 "తేఇశి", అందులో మూడు ముందు వినిపిస్తుంది, ఇరవై వెనక వస్తుంది. ఇంట్లో ఇరవై మూడు అని లెక్కపెట్టే పిల్ల బడిలో "తేఇశి" అని విని 32 రాస్తే, ఆ పిల్లకు లెక్కలు రావని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఆమె విన్న వరసలోనే రాసింది.

దీనికి మందు పుల్లల కట్టలు. చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టించండి. రెండు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు ముందు పెట్టి తెలుగులో లెక్కపెట్టించండి. తర్వాత మూడు కట్టలు పెట్టి, ఒక కట్ట విప్పించి, అందులోంచి ఒక పుల్ల పక్కకు తీయించండి. అప్పుడు "ఒణొతిరిశి" అనిపించండి. రెండు కుప్పల్నీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టమంటే రెండూ ఒకటేనని పిల్ల కళ్ళకే తెలుస్తుంది. అలాగే 19కి, 39కి, 49కి చేయించండి. ఒడియా పిల్లల చేత తెలుగు అంకెలు చెప్పించండి. ఆ పూట తెలుగు పిల్లలే వాళ్ళకు మాస్టార్లు. ఒక్క పీరియడ్‌తో తరగతిలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క మారిపోతుంది.

తర్వాత డిక్టేషన్. మన మాటల్లో ఘ, భ లాంటి ఒత్తక్షరాలు పలకడం తక్కువ. అందుకే ఒడియాలో "ఘొరొ" (ఇల్లు) అని చెబితే మన పిల్లలు "గొరొ" అని, "భాతొ" అంటే "బాతొ" అని రాస్తారు. ఇది అశ్రద్ధ కాదు, చెవికి ఆ తేడా ఇంకా అలవాటు కాకపోవడం. ఎర్రసిరాతో ఇరవై సున్నాలు చుట్టేసి ఇచ్చేస్తే పిల్ల నేర్చుకునేది భయమే. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని "గ", "ఘ" పలికించండి. "ఘ" అన్నప్పుడు కాగితం ఎక్కువగా కదులుతుంది. పిల్లలకు అది తమాషాగా ఉంటుంది, చెవికీ త్వరగా పట్టుబడుతుంది. ఆ వారమంతా ఆ ఒక్క తప్పునే దిద్దండి, మిగతావాటిని చూసీ చూడనట్టు వదిలేయండి.

రెండు భాషలకూ కలిసేవి కూడా చూపించాలి. ఆకాశం ఆకాశొ, సముద్రం సముద్రొ, గ్రామం గ్రామొ, పుస్తకం పుస్తొకొ. మాట చివర అచ్చు పలకడం రెండింటికీ అలవాటే. ఇలాంటి మాటల జంటలతో ఒక చార్టు గోడకు పెట్టండి, దొరికినప్పుడల్లా పిల్లల చేతే కొత్తవి రాయించండి. తనకు కొంత ముందే తెలుసు అన్న ధైర్యం పిల్లకు ఆ చార్టు చూసినప్పుడల్లా వస్తుంది.

మంచి మనసున్న టీచర్లు సైతం ఒకచోట పొరపడతారు. ప్రతి వాక్యాన్నీ ఒడియాలో చెప్పి, వెంటనే తెలుగులో చెప్పేస్తుంటారు. కొన్నాళ్ళకు పిల్లలు ఒడియా వాక్యం వినడమే మానేసి, వెనక వచ్చే తెలుగు కోసం ఎదురుచూస్తారు. దానికి బదులు పాఠాన్ని భాగాలుగా విడదీయండి. ముందు విషయాన్ని ఇంటి భాషలో మాట్లాడించండి. విత్తనం మొలవడం గురించైతే వాళ్ళ పెరట్లో చూసింది చెప్పించండి. తర్వాత ఐదారు కొత్త ఒడియా మాటలు వస్తువు చూపించి నేర్పండి. ఆ మీదట పాఠాన్ని ఒడియాలోనే, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి. చివర పక్కపక్క పిల్లలు ఇద్దరేసి తమకు వచ్చిన భాషలో అర్థమైనది చెప్పుకోవాలి. నెలలు గడిచేకొద్దీ ఒడియా భాగం పెంచుకుంటూ పోవచ్చు. ఒడియా బాగా రావడం ఆ పిల్లలకు ఎంతో అవసరం. ఉద్యోగం, ఆసుపత్రి, ఆఫీసు అన్నీ ఆ భాషలోనే కదా.

మీకు సవరో కువియో రాకపోతే? నేర్చుకోవడం మొదలుపెట్టండి. ఈ దారి మనవాడే వేశాడు. గిడుగు వెంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి బడిలో టీచరుగా చేరి, తర్వాత సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. దండ వేసేటప్పుడు ఆయన పరాయి పిల్లల భాష నేర్చుకున్న టీచరన్న సంగతి కూడా చెప్పుకుంటే ఎంత బాగుండు!

మనం అంత పెద్ద పని చేయనక్కర్లేదు. పలకరింపులు, ఇంట్లో వస్తువులు, జంతువులు, "బాగా చేశావు", "నొప్పిగా ఉందా?" లాంటివి యాభై మాటలు పిల్లలనే అడిగి నోట్‌బుక్కులో తెలుగు లిపిలో రాసుకోండి. ఒడిశాలో 2007 నుంచి గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు చెప్పే బహుభాషా కార్యక్రమం ఉంది. సవర, కుయి, కువి, కోయ అందులో ఉన్నాయి. మీ బడిలోనో పక్క బడిలోనో ఆ భాష టీచరుంటే వాళ్ళతో స్నేహం చేయండి, ఆ బొమ్మల పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. రెండు భాషలొచ్చిన పిల్ల ఒకరు మీకు మాట సాయం చేయొచ్చు. కానీ రోజూ ఆ ఒక్క పిల్లనే లేపి అడగకండి, తన చదువు వెనకబడుతుంది.

"తెలుగు మాట్లాడితే పైవాళ్ళు ఏమంటారో" అని టెన్షన్ పడేవాళ్ళకు ఒక్క మాట. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలంటోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించమంటోంది, పిల్లను భయం నుంచి, ఆందోళన నుంచి దూరంగా ఉంచమంటోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషనే కోరింది. ఎవరైనా అడిగితే మర్యాదగా ఈ మూడూ చెప్పండి.

ఐదో దశ: తప్పులు, ఎగతాళి, శిక్ష

కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. బెత్తం చాలాచోట్ల పోయింది గానీ మాట పోలేదు. "మీ వాడలో అందరూ ఇంతే", "నీకు ఈ జన్మలో ఒడియా రాదు" లాంటివి దెబ్బ కంటే లోతుగా దిగుతాయి.

ప్రశ్న అడిగాక మనసులో ఐదంకెలు లెక్కపెట్టుకోండి. రెండు భాషల మధ్య తిరిగే పిల్లకు ప్రశ్న అర్థం చేసుకోవడానికే సమయం పడుతుంది. మనం ఒక్క క్షణం ఆగి పక్కవాడిని అడిగేస్తే, ఎప్పుడూ చురుకైన నలుగురే మాట్లాడతారు. జవాబు తప్పైతే "తప్పు, కూర్చో" అనకుండా "అలా ఎలా అనుకున్నావో చెప్పు" అనండి. ఇందాకటి 32 లాంటి తప్పుల వెనక ఉన్న కారణం అలా అడిగితేనే బయటపడుతుంది.

ఒకరి యాసనో భాషనో ఇంకొకరు వెక్కిరిస్తే అప్పటికప్పుడు పట్టించుకోవాలి. మన తెలుగు పిల్లలు సవర పిల్లలను "కొండోళ్ళు" అంటూ చులకన చేయడం నేను చాలాసార్లు విన్నాను. వినిపించగానే పాఠం ఆపండి. అరవకండి. "ఈ తరగతిలో ఎవరి మాటకూ నవ్వం" అని ఒక్కసారి గట్టిగా చెప్పి పాఠం కొనసాగించండి. ఆ మాట అన్న పిల్లను బడి విడిచాక విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. మాట పడ్డ పిల్లను కూడా అదే రోజు పలకరించండి, ఇది చాలామంది మరిచిపోతారు. క్షమాపణ అందరి ముందూ బలవంతంగా చెప్పించడం వల్ల ఇద్దరికీ సిగ్గే మిగులుతుంది. మర్నాడు ఇద్దరికీ కలిపి ఏదైనా పని అప్పగించండి, మొక్కలకు నీళ్ళు పోయడమైనా సరే.

ఆరో దశ: భోజనం వరస

తరగతి గదిలో ఎంత బాగా మాట్లాడినా, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కులం వారీగా, వాడ వారీగా వరసలు కడుతుంటే రోజూ ఒక ఆటతో వరస మార్చండి: ఈ రోజు పుట్టిన నెల ప్రకారం, రేపు పేరులో మొదటి అక్షరం ప్రకారం. మీరూ ఆ వరసలోనే కింద కూర్చుని, అదే వంట తినండి. గుడ్డు పెట్టే రోజున ఎవరికి ఆఖరున పెడుతున్నారో గమనించండి. వంటామెతో పేచీ పడకుండా, నెమ్మదిగా చెప్పి వరస మార్పించండి.

ఏడో దశ: ఇంటివాళ్ళతో బంధం

గంజాం జిల్లాలో సూరత్ మగ్గాల మీద పనికి పోయిన తండ్రులు ఎందరో. తల్లి కూలికి వెళ్తే, బడి సంగతులు చూసేది నాన్నమ్మే. బడి నుంచి మనిషి వచ్చాడంటే ఫిర్యాదేనని వాళ్ళకు అలవాటైపోయింది. అందుకే మొదటిసారి ఇంటికి వెళ్ళేది మంచి మాట చెప్పడానికే అయ్యుండాలి.

"మామ్మా, నేను బడి మాస్టారిని. మీవాడు నిన్న లెక్కల్లో పుల్లల కట్టలు అందరికంటే ముందు కట్టేశాడు. ఆ ముక్క చెప్పి పోదామని వచ్చాను."

"అలాగా బాబూ! మా గుంటడు ఏటైనా అల్లరి సేసినాడేమోనని గుండె గుబేలుమంది. కూసో, మంచినీళ్ళు తాగు."

ఈ రెండు ముక్కలు అయ్యాక, తర్వాత ఎప్పుడైనా "నాలుగు రోజులుగా రావట్లేదేం మామ్మా?" అని అడిగితే తలుపు మూసుకోరు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వెళ్ళడం మేలు, పగలు ఇళ్ళ దగ్గర ఎవరూ ఉండరు. ఊళ్ళో లేని తండ్రికి ఫోన్‌లో వాట్సాప్ వాయిస్ పెట్టండి, రాసి పంపితే చదవలేకపోవచ్చు.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలని చట్టం చెబుతోంది. కాగితం మీద ఉంటారు కూడా. మీటింగ్ మొత్తం ఒడియాలో చదివేసి సంతకాలు తీసుకుంటే వాళ్ళు ఉన్నా లేనట్టే. ఒక్కో అంశం తర్వాత ఆగి తెలుగులో చెప్పండి, "మీకేమనిపిస్తోంది అప్పా?" అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి.

ఎనిమిదో దశ: మనసులో బరువున్న పిల్లలు

అక్టోబరులో గట్టిగా గాలి వీస్తే మన తీరంలో పెద్దవాళ్ళే ఉలిక్కిపడతారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదలతో, కొండచరియలతో దెబ్బతీసింది. అప్పుడు చంటిపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇంట్లో ఆ కథలు వింటూ పెరిగారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు బడిలో ఏం చేస్తామో, ఎవరు ఎవరితో ఇంటికి వెళ్తారో, బడి మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో పిల్లలకు ముందే వివరంగా చెప్పండి. తుఫాను తర్వాత బడి తెరవగానే పాత అలవాట్లు పాతవిలాగే మొదలుపెట్టండి: అదే ప్రార్థన, అదే హాజరు, అదే పాట. జరిగినదాని గురించి చెప్పుకోవాలనుకున్న పిల్లను చెప్పనివ్వండి, చెప్పనివాళ్ళను అడిగి తవ్వకండి.

పిల్ల మీతో తనకు జరిగిన హాని ఏదైనా చెప్పబోతూ "ఎవరికీ చెప్పొద్దు" అంటే, ఆ మాట ఇవ్వకండి. "నీకు సాయం చేయగలిగినవాళ్ళకు మాత్రమే చెబుతాను" అనండి. లైంగిక హాని విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయ నంబరు 1098, రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది. మీరే విచారణ మొదలుపెట్టి పదిమంది ముందూ ప్రశ్నలు వేయకండి.

తొమ్మిదో దశ: ఒకే గదిలో రెండు మూడు తరగతులుంటే

ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లనే చట్టం చెబుతోంది కాబట్టి చిన్న ఊళ్ళో మీకు ఒకేసారి రెండు మూడు తరగతులు తప్పవు. పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేయండి. ఒక గుంపుతో మీరు కూర్చున్నప్పుడు మిగతావాళ్ళకు తమంతట తాము చేసుకునే పని, అంటే మాటల చార్టు, పుల్లల కట్టలు, బొమ్మ చూసి కథ చెప్పుకోవడం లాంటివి సిద్ధంగా ఉండాలి. అన్నీ ఒక్కరే చేయలేరు. రెండో టీచరుతో కనీసం పేర్లు, మూడు వాక్యాలు, ఎగతాళి విషయంలో ఒకే మాట మీద ఉంటే చాలు.

పదో దశ: నెలాఖరు పరిశీలన, ఇంటర్వ్యూ

నెలాఖరున మొదటి దశలో రాసిన కాగితం తీయండి. ఒక్కో వాక్యం దగ్గర, ఆ నెలలో జరిగిన ఒక్క సంఘటనైనా పేరుతో, తేదీతో నోట్‌బుక్కులో ఉందా? లేకపోతే ఆ వాక్యాన్ని ఇంకా చిన్న పనిగా మార్చండి. ఈ నెల నోరు విప్పని పిల్లలెవరో హాజరు పట్టీ పక్కన చుక్కలే చెబుతాయి. వచ్చే నెల మొదటి వారం వాళ్ళదే.

ఇంటర్వ్యూలో దృక్పథం అడిగితే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "నా తరగతిలో పిల్లలు మూడు నాలుగు భాషల ఇళ్ళ నుంచి వస్తారు. మొదటి రోజే అవసరాలు అడిగే మాటలు నేర్పుతాను. కొత్త విషయాన్ని ఇంటి భాషలో మొదలుపెట్టి బడి భాషలోకి తీసుకెళ్తాను. ఎవరు మాట్లాడలేదో వారం వారం చూసుకుంటాను" అని చెప్పి, ఇంటర్న్‌షిప్‌లో చేసినది ఒక్కటి వివరించండి. అప్పుడు బోర్డులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఇంటి భాషలో చెబుతూ కూర్చుంటే ఒడియా ఎప్పుడు వస్తుంది?" తడబడకండి. ఏ పిల్ల ఏ నెలలో తనంతట తాను లేచి ఒడియాలో మొదటి ప్రశ్న అడిగిందో రాసుకున్న ఆ నోట్‌బుక్కు పేజీ తీసి వాళ్ళ ముందు పెట్టండి.